రాగి రంగు తూటాలు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు చేవెళ్ల పశువుల దవాఖాన ముందు పాల వ్యాను ఆగింది. రోజూ ఆగేదే. డ్రైవరు దిగి, ఎదురు హోటల్లో టీ తాగి, మొయినాబాద్ మీదుగా నగరానికి పోయేవాడు. ఆ రోజు పాల క్యాన్ల మధ్య నుంచి అంతయ్య కూడా దిగాడు. చేతుల్లో గోనెసంచిలో చుట్టిన నల్ల కుక్క ఉంది. మూతికి చీర పేలిక కట్టి ఉంది. కాళ్లు తాడుతో కట్టి ఉన్నాయి.

"సారూ, జర చూడుండ్రి," అన్నాడు. "పిచ్చి లేసిందని ఊరంత అంటున్నది. మొన్న మా ఎర్రకుక్కను గట్లనే కట్టెలతోని కొట్టి సంపిండ్రు. దీన్ని గూడ సంపుతరని తెల్లారకముందే ఎత్తుకొచ్చిన."

"ఎవరినన్నా కరిచిందా?"

"ఎవల్ని కరువలే. గోడకు తలకాయ ఆనిచ్చి నిలవడుతున్నది. పిలిస్తె నా దిక్కు సూస్తలేదు. ఒక్కోపారి కొట్టుకుంటున్నది, నోట్ల నురుగు."

కుక్కను బల్ల మీద పెట్టాక అతను ఒక మాట అన్నాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే.

"కర్రెగాడు పోతె నా చేను పోయినట్టే సారు. ఈ ఏడు గూడ పందులు వడి మక్కజొన్న చేతికి రాకుంటె, పటేలు కొడుకులు భూమి అమ్ముతమంటున్నరు."

పశువైద్యుడిగా నా ఉద్యోగంలో ఎక్కువ భాగం చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో గడిచింది. బదిలీల గురించి, ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు అవి ఎలాగూ తెలుస్తాయి. వాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మన దగ్గరికి వచ్చేది జబ్బు పడిన పశువు మాత్రమే కాదు. దాని వెనక ఒక మనిషి బతుకు ఏదో ఒక సన్నని దారానికి వేలాడుతూ వస్తుంది. ఆ దారం ఎక్కడుందో కనుక్కోకుండా మందు రాస్తే సగం పనే చేసినట్టు. అంతయ్య తన దారం ఎక్కడుందో మొదటి రోజే చెప్పాడు. అయినా మేము దాన్ని కాపాడలేకపోయాం.

గోడల మధ్య చేను

అవి మాదాపూర్ వైపు అద్దాల భవనాలు లేస్తున్న ఏళ్లు. అక్కడ జీతాలు పెరిగిన కొద్దీ ఇక్కడ భూముల ధర పెరిగింది. మొయినాబాద్ రోడ్డుకు రెండు వైపులా ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. ఫామ్‌హౌస్ అంటే ముందు గోడ. లోపల మామిడి మొక్కలు నాటారో లేదో తరువాత సంగతి. ఆ గోడలు అడవిపందుల దారులు మూసేశాయి. ఇంతకుముందు నలుదిక్కులా చెదిరి తిరిగే మందలు ఇప్పుడు గోడల మధ్య మిగిలిన సందుల్లోంచి ఒకే వరుసలో నడిచి, గోడ లేని చేనులోకి దిగేవి. అంతయ్య చేను అలాంటిది.

చేను అతనిది కాదు. నర్సింహారెడ్డిది. అంతయ్య తండ్రి కాలం నుంచి వాళ్లు దాన్ని పాలుకు చేసేవాళ్లు. నర్సింహారెడ్డిని ఊళ్లో అందరూ పటేలు అనేవాళ్లు. ఆయన అన్నగారు సర్పంచి. ఆయన మాత్రం రాజకీయాల జోలికి పోకుండా పొలం, పుస్తకాలు, రైఫిలు చూసుకుంటూ ఉండేవాడు. నాకు ఆ ఊళ్లో పుస్తకాలు అరువిచ్చిన మనిషి ఆయనొక్కడే. కొడుకులు ఇద్దరూ నగరంలో స్థలాల వ్యాపారం పెట్టారు. భూమి అమ్ముదామని వాళ్లు, అంతయ్య దున్నినంత కాలం అమ్మనని ఆయన. కానీ వరుసగా పంట పందుల పాలైతే ఆయన మాటకు ఇంట్లో బలం తగ్గిపోతోంది. ఇది అంతయ్యకూ తెలుసు.

పటేలు రైఫిలుకు పంట రక్షణ లైసెన్సు ఉంది. అడవిపందులను కాల్చడానికి అధికారుల నుంచి అనుమతి తెచ్చుకునేవాడు. కాల్చిన పందిని నేను పరీక్షించాలి, తరువాత కిరసనాయిలు పోసి పూడ్చాలి అన్నవి ఆ అనుమతిలోని షరతులు. ఆయన ఆ షరతులు తప్పేవాడు కాదు. ఒక్క మినహాయింపు. పందిని చేను దాటి పోనీయకుండా నిలబెట్టిన కుక్కకు తూటా తగిలిన చోటు మాంసం కోసి వేసేవాడు. అది వాళ్ల తాతల నాటి పద్ధతి. ఎంత గట్టిగా నిలబెడితే అంత పెద్ద ముక్క. "దాని కష్టం దానికియ్యాలె గద," అనేవాడు. మిగతా పందిని పూడ్చేటప్పుడు కర్రెగాడు, ఎర్ర కుక్క పక్కన కూర్చొని ఆ ముక్కలు నమిలేవి. నేను చాలాసార్లు అక్కడే నిలబడి చూశాను. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

బ్యాటరీ ముక్కలు నేర్పిన పాఠం

కర్రెగాడిని బల్ల మీద పెట్టుకొని పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన పశువును ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు, కానీ ఫోన్లో రోగనిర్ధారణ చేయడంలో చాలా చురుకు.

"నురుగు వస్తుందా? ఫిట్స్ వస్తున్నాయా? రేబీస్. చంపి పూడ్చెయ్. రిపోర్టు పంపు."

"పది రోజులు కట్టేసి చూద్దాం సార్. ఎవరినీ కరవలేదు."

"నీ ఇష్టం. ఎవడికన్నా ఏమన్నా అయితే నా పేరు చెప్పకు."

రేబీస్ కాదని నేను కూడా అప్పటికి చెప్పలేను. అంతయ్యా నేనూ ముందు జాగ్రత్తగా సూదులు వేయించుకున్నాం. కుక్కను వెనక గదిలో గొలుసుతో కట్టాను. కానీ అది గోడకు తల ఆనించి నిలబడడం నాకు ఎక్కడో చూసినట్టే అనిపించింది.

షాబాద్‌లో నేను కొత్తగా చేరినప్పుడు ఒక పెద్దాయన నాకు పై అధికారి. కోపిష్టి. కిందివాళ్లను పేరు పెట్టి పిలవడు, "ఓయ్" అంటాడు. ఒక రైతు గేదెలు రెండు చూపు పోయి, పళ్లు కొరుకుతూ, గుంజకు తల ఆనించి నిలబడ్డాయి. నేను మెదడు వాపు అని రాశాను. ఆయన కాగితం చూడకుండా రైతుతో పాటు వాళ్ల దొడ్డికి నడిచి, గడ్డివాము వెనక్కి పోయి, పాత బ్యాటరీల పగిలిన పలకలు కాలితో తన్ని నాకు చూపించాడు. గేదెలు వాటిని నాకాయి. సీసం విషం.

"ఓయ్, రోగం పశువు లోపల లేదు. దొడ్డి వెనకున్నది. సూడు," అన్నాడు. ఆ సాయంత్రం సూక్ష్మదర్శిని కింద నెత్తుటి చుక్క పెట్టి, ఎర్ర కణాల్లో నీలం చుక్కలు ఎలా కనిపిస్తాయో చూపించాడు. ఆయనతో పనిచేసిన కాలమంతా నాకు ఆయన అంటే భయమే. ఇప్పుడు తలుచుకుంటే, నాకు ఆ వృత్తి నేర్పినవాడు ఆయనొక్కడే.

కర్రెగాడి నెత్తురులో ఆ నీలం చుక్కలు ఉన్నాయి.

కానీ అంతయ్య ఇంట్లో బ్యాటరీలు లేవు, రంగు డబ్బాలు లేవు. నేను వెళ్లి వెతికాను. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. కొంతకాలం కింద చిలుకూరు వైపు అడవిలో ఎవరో దొంగచాటుగా కాల్చిన దుప్పిని పోస్ట్‌మార్టం చేశాను. మెత్తటి సీసం మొన ఉన్న తూటా. లోపలికి పోయి పువ్వులా విచ్చుకుంటుంది. జంతువు త్వరగా పడిపోతుంది, నిజమే. కానీ విచ్చుకునేటప్పుడు ఆ సీసం పొడిపొడిగా రాలుతుంది. గాయానికి జానెడు దూరంలో ఉన్న మాంసంలో కూడా నా చాకుకు ఇసుకలా తగిలింది. కేసు కోసం పెద్ద ముక్క తీసి సీసాలో పెట్టి పంపాను. మిగతా ఇసుక గురించి ఆలోచించలేదు.

చేవెళ్లలో అప్పుడు పశువులకు ఎక్స్‌రే లేదు. మనుషుల ఎక్స్‌రే తీసే సత్తార్‌ను బతిమాలాను. మధ్యాహ్నం రోగులు పోయాక కుక్కకు మత్తు ఇచ్చి, అంతయ్యతో కలిసి తీసుకుపోయాను.

"పేరేం రాయాలె డాక్టర్ సాబ్?" అని అడిగాడు సత్తార్.

"కర్రె."

"ఇంటిపేరు?"

"అంతయ్యది రాయి."

"పొట్టదా, ఛాతీదా? జర ఊపిరి బిగబట్టమని చెప్పుండ్రి మరి."

అంతయ్య మొదటిసారి నవ్వాడు. ఫిల్ములో కుక్క పొట్ట నిండా తెల్లటి చుక్కలు కనిపించాయి. సత్తార్ నవ్వు ఆపి ఫిల్మును కిటికీ వైపు పట్టుకున్నాడు.

పటేలు కోపం

భేది ఉప్పుతో పొట్ట కడిగాం. సీసాన్ని మూత్రంలో బయటికి పంపే ఇంజెక్షన్ చేవెళ్లలో దొరకలేదు, నగరంలో మనుషుల మందుల దుకాణం నుంచి తెప్పించాను. ఆ కుక్క ప్రాణంతో బయటపడింది. ఫిట్స్ ఆగాయి. చూపు మాత్రం పూర్తిగా రాలేదు. వెలుతురులో మనుషులను పోల్చేది, సందె పడితే గోడకు తగిలేది. అయినా వాసన, వినికిడి ఉన్నాయి. అంతయ్యకు అదే చాలు.

ఇక పటేలుకు చెప్పాలి. ఎక్స్‌రే తీసుకొని ఆయన ఇంటికి వెళ్లాను.

"అంటె, నేనే ఆ కుక్కలకు విషం పెట్టిన్నంటవు," అన్నాడు.

"మీరు కాదు. తూటాలో ఉన్న సీసం."

"తూటా నాదే గద. మా తాత నుంచి వేస్తున్నం డాక్టర్ సాబ్. గప్పటి కుక్కలు సావలే గద?"

"చచ్చే ఉంటాయి. పిచ్చి అనుకొని కొట్టి చంపి ఉంటారు."

ఆయనకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

"ఎర్రదాన్ని కొట్టమని చెప్పింది నేనే," అన్నాడు. "పిల్లలు తిరిగే జాగ అని. సరే. మరి పందిని దేంతోని కాల్చమంటవు? గులేరు పట్టి రాళ్లతోనా?"

కుక్కలకు మాంసం వేయడం ఆపేస్తే చాలు అన్నాను. దానికి వెంటనే ఒప్పుకున్నాడు. కానీ అక్కడితో ఆగలేదు. పూడ్చిన పందిని నక్కలు తవ్వుతాయి, కాకులు, గద్దలు తింటాయి, వాటి సంగతేమిటని తనే అడిగాడు. చదువుకున్న మనిషి. ఒక తప్పు కనిపిస్తే దాన్ని చివరిదాకా దిద్దాలనుకునే రకం. అప్పుడు నేను శ్రీకాంత్ పేరు చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదని తరువాత చాలాసార్లు అనుకున్నాను.

మొయినాబాద్‌లో ఒక ఆదివారం

శ్రీకాంత్ హనుమకొండ కుర్రాడు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ పనిచేసి తిరిగి వచ్చి మొయినాబాద్‌లో రెండెకరాలు కొన్నాడు. వాళ్ల కుక్కకు టీకాలు వేసేది నేనే. అక్కడ ఉన్నప్పుడు ఏటా చలికాలం దుప్పి వేటకు పోయేవాడినని ఒకసారి చెప్పాడు. పటేలునూ నన్నూ వరండాలో కూర్చోబెట్టి టీ పోశాడు.

"అక్కడ జింకను కొడితె కేసు లేదా తమ్మీ?" అని పటేలు అడిగాడు.

"పర్మిట్ కొనుక్కోవాలె అన్నా. సీజన్ ఉంటది. పర్మిట్‌ల రాసినన్ని కొట్టినంక ఇంటికి పోవుడే."

"ఈడ జింక కాళ్లగుర్తు సూసినా పంచాయితే."

శ్రీకాంత్ ఎక్స్‌రే చూసి తలూపాడు. తను వేటాడిన పొలం యజమాని సీసం తూటాలు తేవద్దనేవాడట. వేటగాళ్లు వదిలేసిన పేగులు తిని గద్దలు చచ్చిపోతున్నాయని. అందుకని అందరూ రాగి తూటాలకు మారారు. అచ్చంగా రాగి, లోపల సీసం లేదు. మొనలో చిన్న గుంట ఉంటుంది. జంతువుకు తగిలితే ఆ మొన నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, కానీ ముక్కలు రాలవు. మొత్తం ఒకే ముక్కగా మిగులుతుంది.

"ఏదంటె అది కొంటె నడువదన్నా. రాగి తేలిక, గదే బరువుకు తూటా పొడుగైతది. అందుకని కొంచెం తక్కువ బరువుది తీసుకోవాలె. భుజం ఎముక మీద కొట్టాలె, వెనుక మెత్తటి జాగల కాదు. పాత తూటాకు సరిచేసిన గురి దీనికి పనిచెయ్యది, మళ్ల కాగితం మీద కొట్టి చూసుకోవాలె."

"దుప్పిని కొట్టెతందుకు గంత సదువుండాల్నా?" అన్నాడు పటేలు. "మా నాయన ఎన్నడు కాగితాన్ని కాల్చలే. కాగితమేమన్న మక్క తింటదా?"

ముగ్గురం నవ్వాం. సరిగ్గా అప్పుడు పటేలు జేబులో ఫోన్ మోగింది. ఆ రోజుల్లో భూమి ఉన్న ప్రతి మనిషి జేబులో అది మోగుతూనే ఉండేది. స్థలాల మధ్యవర్తి. "నేను అమ్మనని ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు," అంటూ సిగ్నల్ కోసం గేటు దాకా నడిచాడు.

ఆయన గేటు దగ్గర ఉండగా శ్రీకాంత్ నాతో అసలు సంగతి చెప్పాడు. "సర్, రాగి విచ్చుకోవాలంటె స్పీడ్ కావాలె. అన్న రైఫిల్ పాతది, మెల్లగ పోతది. దాంట్ల రాగి పెడితె మొన ఓపెన్ కాదు. సూదిలెక్క ఇట్లపోయి అట్ల ఎల్లిపోతది. జంతువు పడదు. ఎక్కడికో పోయి రెండు రోజులకు సస్తది. అన్నకు సీసమే మంచిది. కాల్చినంక శుభ్రంగ కోసి లోతుగ పాతిపెడితె సాలు. అయినా మన దగ్గర ఆ రాగి తూటాలు దొరకయి గద."

పటేలు తిరిగివచ్చి కూర్చున్నాడు.

"ఆఁ, ఏమంటివి తమ్మీ. రాగి మంచిదంటవు."

"మంచిదే అన్నా. దొరికితె."

దొరకవు కాబట్టి ఇక మాట్లాడటం అనవసరం అనుకున్నాం ఇద్దరం. శ్రీకాంత్ టీ మళ్లీ పోశాడు. మాట భూముల మీదికి మళ్లింది.

కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది పెద్దగా లేదు, కానీ ఇది చెబుతాను. మీరు రైతుతో మాట్లాడుతుండగా అతను లేచి పోతే, తిరిగి వచ్చాక మొదటి నుంచి చెప్పండి. అతను చదువుకున్నవాడైతే మరీ ముఖ్యంగా చెప్పండి. చదువుకున్నవాడు వినని భాగాన్ని తనే పూరించుకుంటాడు.

చేనులో పంది

మక్క కంకులు పాలుపోసుకుంటున్న రోజుల్లో నన్ను షాబాద్ వైపు గాలికుంటు టీకాల పనికి పంపారు. నేను లేనప్పుడు జరిగింది ఇది. తరువాత పటేలు, అంతయ్య భార్య బాలమణి విడివిడిగా చెప్పారు. ఇద్దరి మాటా ఒకటే.

పటేలు నగరంలో పాత తుపాకుల దుకాణంలో తన రైఫిలుకు సరిపోయే తూటాలు వెతుకుతుంటే, ఎప్పటిదో విదేశీ సరుకు ఒక డబ్బా కనిపించింది. మొన దాకా నున్నగా, ఎర్రగా, రాగిలా మెరుస్తోంది. సీసం మొన లేదు. ఆయన దాన్ని గోటితో గీరి చూసుకొని సంతోషంగా తెచ్చుకున్నాడు. అంతయ్యకు చూపించి, "ఇగ నీ కర్రెగానికి ఫికర్ లేదు. వాడు తూటా తాకిన జాగ మాంసం తిన్నా ఏం గాదు," అన్నాడట.

సందె వేళ మంచె మీద నుంచి కాల్చాడు. పెద్ద ఏకలపంది, మందను విడిచి ఒంటరిగా తిరిగే మగది. ఒక్కసారి అదిరి, మక్కలోకి ఉరికింది. మామూలుగా ఆ దూరంలో ఆయన తూటా తగిలితే నాలుగు అడుగుల్లో పడిపోతుంది. ఇద్దరూ వెతికితే నేల మీద నెత్తురు చుక్క కూడా లేదు.

"తప్పింది," అన్నాడు పటేలు. ఆయన గురి తప్పడం అంతయ్య ఎప్పుడూ చూడలేదు. "కొత్త తూటా గద పటేలా, గురి సరిచేసుకోవాలెనేమో," అని ఓదార్చాడట.

తెల్లారి అంతయ్య కుక్కను వెంటబెట్టుకొని పడిపోయిన కంకులు ఏరడానికి చేనులోకి వెళ్లాడు. పంది అక్కడే, సాళ్ల మధ్య పడుకొని ఉంది. లేచి అంతయ్య తొడలో కోర దించింది. కర్రెగాడు దాని చెవి పట్టుకొని వదలలేదట. బాలమణి కేకలకు పక్క చేలవాళ్లు గొడ్డళ్లతో వచ్చి పందిని చంపారు. పటేలు తన జీపులోనే అంతయ్యను నగరంలోని దవాఖానకు తీసుకుపోయాడు.

మరునాడు షాబాద్ నుంచి వచ్చి నేను పందిని కోశాను. షరతు ప్రకారం అది నా పని. ఒక వైపు సన్నని రంధ్రం, రెండో వైపు సన్నని రంధ్రం. మధ్యలో పేగులు చిల్లులు పడ్డాయి, అంతే. చాకుకు ఎక్కడా ఇసుక తగల్లేదు.

పటేలు గట్టు మీద నిలబడి ఉన్నాడు. రాత్రంతా దవాఖానలో ఉండి వచ్చాడు.

"సీసం ఉన్నదా?" అన్నాడు.

"లేదు."

"మరి గిట్లెందుకాయె డాక్టర్ సాబ్?"

డబ్బా ఇమ్మన్నాను. ఒక తూటా మొనను గిట్టలు అరగదీసే ఆకురాయితో మెల్లగా రుద్దాను. ఎర్రటి పొర పోయి, బూడిద రంగు బయటపడింది. పైన పలుచని రాగి తొడుగు, లోపల అంతా సీసమే. యుద్ధంలో వాడే రకానికి దగ్గరిది. విచ్చుకోకూడదనే దాన్ని అలా చేస్తారు.

"నిజమైన రాగి అయినా మీ రైఫిలులో ఇంతే అయ్యేది," అన్నాను. శ్రీకాంత్ వరండాలో చెప్పింది అప్పుడు చెప్పాను.

"ఎప్పుడన్నడు?"

"మీరు ఫోన్ కోసం లేచినప్పుడు."

ఆయన కోపగించుకుంటాడని ఎదురుచూశాను. కోపగించుకోలేదు. తూటాను నా చేతిలోంచి తీసుకొని, అరిగిన మొనను బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

"ఆ కుక్కకు మంచి జేద్దామనుకున్న," అన్నాడు.

తరువాత

అంతయ్య గాయం కుళ్లు పట్టింది. కాలు తీసేశారు. ఒకసారి నేను చూడడానికి వెళితే మొదట అడిగింది చేను గురించే.

"మక్క ఎట్లున్నది సారూ? పందులు వడ్డయా?"

పడలేదని చెప్పాను. నిజమే, పడలేదు. అంతయ్య దవాఖానలో ఉన్నన్నాళ్లు పటేలు మంచె దిగలేదు. రైఫిలు లేకుండా, డబ్బా వాయిస్తూ, కర్రెగాడితో కాపలా ఉన్నాడు. ఆ వయసులో, ఆ కుటుంబంలో పుట్టిన మనిషి రేకు డబ్బా వాయిస్తుంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. కొడుకులు వచ్చి సిగ్గుపోతోందని అరిచారు. "కోత అయ్యేదాకా నన్ను విడువుండ్రి," అన్నాడు.

విషం నెత్తురుకెక్కి అంతయ్య కోతకు ముందే చనిపోయాడు. శవం వచ్చిన రోజు బాలమణి పటేలును ఒక్క మాట కూడా అనలేదు. దినం అయిన మరునాడు కొడవలి తీసుకొని చేనుకు వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"నువ్వు కోస్తవా బాలమ్మా? మనుషుల్ని పెట్టిస్త గద."

"ఆయన ఏసిండు. నేను కోస్త," అన్నది. "మీరు జర పక్కకు జరుగుండ్రి పటేలా. సాలుల నిలవడ్డరు."

అంత మంచి పంట ఆ చేను ఎన్నో ఏళ్లుగా ఇవ్వలేదని అందరూ అన్నారు.

చేసేవాడు లేడు కాబట్టి కొడుకుల మాటకు ఎదురు చెప్పడానికి పటేలుకు ఏమీ మిగల్లేదు. ఆ వేసవిలో అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టాడు. రైఫిలును, లైసెన్సును తనే ఠాణాలో అప్పగించి వచ్చాడు. బాలమణి కుక్కను తీసుకొని మా పక్క మండలంలోని ప్రొద్దుటూరులో తమ్ముడింటికి వెళ్లిపోయింది. కర్రెగాడు అక్కడ మరికొన్నేళ్లు బతికింది. ఆ వైపు పని పడినప్పుడు వెళ్లి చూసేవాడిని. నా గొంతు విని తోక ఊపేది, నేను ఎదురుగా నిలబడ్డా పక్కకు చూసేది.

పటేలుతో నా స్నేహం ఆయన పోయేవరకు ఉంది. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకున్నాం. ఆ ఆదివారం గురించి మళ్లీ మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, మంచం పట్టాక, "ఆ ఫోన్ నేను ఎత్తకుంటె బాగుండు," అన్నాడు. మీరు వచ్చి కూర్చున్నాక నేను చెప్పకపోవడమే తప్పు అన్నాను. ఆయన వినిపించుకున్నాడో లేదో తెలియదు.

తూటాల గురించి ఇప్పుడు కుర్రవాళ్లు అడిగితే ఇంతే చెబుతాను. సీసం జంతువును త్వరగా చంపుతుంది, తరువాత తిన్నవాటిని మెల్లగా చంపుతుంది. రాగి శుభ్రమైనది, కానీ వేగం ఉన్న తుపాకీలో, ఎముక మీద కొట్టగల చేతిలో మాత్రమే. ఆ రెండూ లేని చోట మంచి ఉద్దేశంతో దాన్ని ఎంచుకోవడం క్రూరత్వంతో సమానం. ఏది వాడినా, ఎంచుకునే మనిషికి అది ఏం చేయదో ముందు చెప్పాలి. ఏం చేస్తుందో డబ్బా మీదే రాసి ఉంటుంది.

ఆ చేను చుట్టూ ఇప్పుడు గోడ ఉంది. లోపల రాళ్లు పాతి ప్లాట్లుగా విడదీశారు. చాలా ప్లాట్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి, వానాకాలంలో మోకాలెత్తు గడ్డి పెరుగుతుంది. అక్కడ మక్క ఎవరూ వేయరు.